ఆ గల్లీ గుర్తొస్తే బెంగ ఎందుకు?

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. నల్లగండ్లలో ఉంటాం. నేను, మావారు ఇద్దరం ఉద్యోగాలు చేస్తాం. పాపకు పదమూడేళ్లు. నేను పుట్టి పెరిగింది జీడిమెట్ల ఇండస్ట్రియల్ ఏరియా పక్కన, షాపూర్ నగర్ దగ్గర ఒక బస్తీలో. నాన్న పనిచేసే ఫ్యాక్టరీ 1991లో లాకౌట్ అయింది. నాకప్పుడు పదేళ్లు. ఆయన తాగుడు అక్కడ మొదలైంది. మొదట సారా, తర్వాత గుడుంబా, కల్లు అయితే ఎప్పుడూ. అమ్మను కొట్టేవాడు. అడ్డం వెళ్తే నన్నూ కొట్టేవాడు. అమ్మ ఒక ప్యాకింగ్ యూనిట్లో పనికి పోయేది. తమ్ముణ్ని పెంచింది, రాత్రి ట్యాంకర్ దగ్గర బిందెలు పెట్టింది, కిరాణంలో ఉద్దెర అడిగింది అన్నీ నేనే. 1995లో మద్య నిషేధం వచ్చిన రోజు అమ్మ సేమ్యా పాయసం చేసింది. నెల తిరక్కుండా గుడుంబా ప్యాకెట్లు మా గల్లీలోకే వచ్చాయి. 2003లో పెళ్లయి బయటపడ్డాను. 2006లో అమ్మ పోయింది. ఆమె పదోరోజు తర్వాత మళ్లీ అటు వెళ్లలేదు.

ఇప్పుడు తమ్ముడు ఇల్లు అమ్ముదామంటున్నాడు. అరవై గజాలు, అమ్మ చిట్టీ డబ్బుతో తన పేరు మీద కొన్నది. నా సంతకం కావాలట. నాన్నకు 76. పక్షవాతం వచ్చి తమ్ముడి దగ్గరే ఉన్నాడు. ఆరు నెలలు ఆయన్ని మా ఇంట్లో ఉంచుకోమని మరదలు అంటోంది. 'ఎంతైనా కన్నతండ్రి' అని చుట్టాలు ఒకటే ఫోన్లు. మొన్న ధైర్యం చేసి ఒక్కదాన్నే కారులో బయల్దేరాను. బాలానగర్ ఫ్లైఓవర్ దిగి, చింతల్ దాటి, షాపూర్ నగర్ సిగ్నల్ దగ్గర ఆగాను. ఆ పాత మందుల ఫ్యాక్టరీల వాసన వచ్చింది. చేతులు వణికాయి. యూటర్న్ తీసుకుని ఇంటికొచ్చేశాను.

పాపకు స్కూల్లో 'మా అమ్మ పెరిగిన చోటు' అని ప్రాజెక్టు ఇచ్చారు. సికింద్రాబాద్ అని చెప్పాను.

వీటన్నిటికంటే నన్ను భయపెడుతున్నది వేరే ఉంది. ఈమధ్య ఆ గల్లీ కలలోకి వస్తోంది. పీడకల కాదు. జోగిపేట పెద్దమ్మ కిరాణం మెట్టు మీద ఊరికే కూర్చుని ఉంటాను. లేచాక ఏడుపొస్తుంది, బెంగలాగా. బోనాలప్పుడు పోతరాజు కనిపించాలని నాన్న నన్ను భుజాల మీద ఎక్కించుకున్నది కూడా గుర్తొస్తోంది. అమ్మకు అన్యాయం చేస్తున్నట్టుంది. స్నేహితురాలు నెట్‌లో ఒక టెస్టు పంపింది, చిన్నప్పటి కష్టాలకు మార్కులు వేసేది. నాకు పదికి ఆరు వచ్చాయి. నాలో ఏదైనా పాడైపోయిందా? అంత నరకం మీద ఎవరైనా బెంగ పెట్టుకుంటారా?

తా.క. ఒకవేళ వెళ్తే, కారులో వెళ్లొచ్చా? గొప్ప చూపించుకోవడానికి వచ్చిందంటారేమో.

పేరు వద్దన్న పాఠకురాలు, హైదరాబాద్

జవాబు:

అమ్మా,

మీరు పంపింది పదకొండు పేజీలు. పైన వేసింది అందులో కొంచెమే. మొత్తం రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిల్ పట్టుకుని ఒక లెక్క వేశాను (పాత టీచర్ని, ఆ అలవాటు పోదు). 'నాన్న' అన్న మాట మీరు తొమ్మిదిసార్లు రాశారు. 'జోగిపేట పెద్దమ్మ' అని పద్దెనిమిదిసార్లు రాశారు. మీకు తెలిసి రాసి ఉండరు.

ఆమె గురించి మీరు రాసింది కొంత ఇక్కడ చెప్పక తప్పదు, లేకపోతే చదివేవాళ్లకు నా జవాబు తలాతోకా లేకుండా ఉంటుంది. రాత్రి ఇంట్లో గొడవ మొదలవగానే మీరు తమ్ముణ్ని చంకనేసుకుని ఆ కిరాణం దగ్గరికి పరుగెత్తేవారు. ఆమె షట్టర్ సగం ఎత్తేది. బియ్యం బస్తాల మధ్య గోనెసంచి పరిచేది. "ఏమైంది బిడ్డా" అని ఒక్కనాడూ అడగలేదు. తెల్లారి చేతిలో రెండు బన్నులు పెట్టి, "పోయి ముఖం కడుక్కోన్రి, బడికి టైమైతుంది" అనేది. ఉద్దెర పుస్తకంలో మీ ఇంటి పేజీ నిండితే ఇంకో పేజీ తిప్పేదే గానీ నలుగురి ముందు బాకీ మాట ఎత్తేది కాదు. అమ్మ పోయేనాటికి ఆ పేజీలో 340 రూపాయలు మిగిలాయని, మీరు ఇవ్వబోతే పుస్తకం మూసేసి లోపలికి వెళ్లిపోయిందని రాశారు.

ఇప్పుడు మీ కల సంగతి చూడండి. కలలో మీరు కూర్చున్నది మీ ఇంటి గడప మీద కాదు. ఆ కిరాణం మెట్టు మీద. మీ బెంగ ఎవరి మీదో మీ కలకు బాగానే తెలుసు. దెబ్బలు తిన్న ఇల్లు ఒకటి, అక్కణ్నుంచి పరుగెత్తి చేరుకున్న చోటు ఇంకొకటి. రెండూ ఒకే గల్లీలో, నాలుగిళ్ల దూరంలో ఉండేసరికి మీరు రెండింటికీ ఒకే పేరు పెట్టేశారు, నరకం అని. ఆ నరకానికి దూరంగా ఉండాలని పందొమ్మిదేళ్లు పెద్దమ్మను కూడా వదులుకున్నారు. బెంగ ఉండదా మరి?

అమ్మకు అన్యాయం ఎక్కడ జరిగిందో నాకైతే కనబడలేదు. ఆ రాత్రుల్లో "తమ్ముణ్ని తీస్కొని ఉరుకు" అని మిమ్మల్ని తోసింది ఆమే కదా. ఎక్కడికి ఉరకాలో చెప్పాల్సిన పని ఉండేది కాదని కూడా మీరే రాశారు. షట్టర్ తెరుచుకుంటుందన్న ధీమా ఆమెకు ఉండబట్టే మిమ్మల్ని బయటికి పంపగలిగింది.

ఆ బస్తీ గురించి నాలుగు మాటలు చెప్పాలి. పాపకు అబద్ధం చెప్పించింది దాని మీద మీకున్న సిగ్గే కాబట్టి. మీరు పెరిగిన రోజుల్లో షాపూర్ నగర్ హైదరాబాద్ కాదు. రంగారెడ్డి జిల్లా, కుత్బుల్లాపూర్ మున్సిపాలిటీ. నగరానికి మంజీర నీళ్లు 1965 నుంచే వస్తున్నా మీ బస్తీకి దక్కింది బోరింగు, ట్యాంకరు. బోరింగు కొడితే పసుప్పచ్చటి నీళ్లు వచ్చేవని, తెల్ల చొక్కా ఉతికితే చాయ్ రంగు ఎక్కేదని రాశారు. 2007లో చుట్టూ ఉన్న పన్నెండు మున్సిపాలిటీలను, ఎనిమిది గ్రామ పంచాయతీలను పాత కార్పొరేషన్‌లో కలిపి జీహెచ్‌ఎంసీ చేశారు. కుత్బుల్లాపూర్ అప్పుడు నగరంలోకి వచ్చింది. మీరు వెళ్లిపోయాక నాలుగేళ్లకు. 2016లో జిల్లా కూడా మారి మేడ్చల్-మల్కాజిగిరి అయింది. మీ పాత రేషన్ కార్డు మీద ఉన్న మున్సిపాలిటీ గానీ జిల్లా గానీ ఇప్పుడు ఆ చోటికి చెల్లవు. మీరే వదిలేసి వచ్చాననుకుంటున్నారు, ఆ ఊరు కూడా తన పాత చిరునామాను వదిలేసింది.

అక్కడికొచ్చినవాళ్లంతా పని కోసం వచ్చినవాళ్లే. మెదక్, పాలమూరు, శ్రీకాకుళం, ఇంకా దూరం నుంచి ఒడిశా, బిహార్. అసలు పేరు తెలిసేలోపే ఊరి పేరు స్థిరపడిపోయేది. మీ ఉత్తరంలోనే చూడండి, జోగిపేట పెద్దమ్మ, పలాస మామ, నారాయణఖేడ్ అక్క. అత్తలూ మేనమామలూ బస్సు ఛార్జీలకు అందనంత దూరంలో ఉండిపోతే ఆ వరసలన్నీ పక్కింటివాళ్లు పంచుకున్నారు. అలాగని బస్తీని స్వర్గం చేసి చెప్పను. ట్యాంకర్ పైపు కోసం జుట్లు పట్టుకున్నదీ, మీ బిందెను కాలితో తన్నినదీ ఈ వరసలవాళ్లే. మీ ఇంట్లోంచి అరుపులు వినబడుతుంటే తలుపులు వేసుకున్నవాళ్లు ఎక్కువ. షట్టర్ ఎత్తినామె ఒక్కతే.

మీ నాన్న విషయంలో మీరు ఒక మాట రెండుమూడు చోట్ల రాశారు, 'ఫ్యాక్టరీ మూతపడకపోతే ఆయన అలా అయ్యేవాడు కాదేమో' అని. కావచ్చు. ఆ దశాబ్దంలో బాలానగర్, సనత్‌నగర్, జీడిమెట్ల చుట్టూ ఎన్ని గేట్లకు తాళాలు పడ్డాయో ఆ తరం వాళ్లకు గుర్తే. షిఫ్టు సైరన్‌కు లేచి, సైరన్‌కు తిని, సైరన్‌కు పడుకున్న మనిషికి ఒకరోజు సైరన్ మోగకపోతే ఏమవుతుందో ఊహించగలను. కానీ అదే గేటు బయట నిలబడ్డవాళ్లలో ఆటో నడుపుకున్నవాళ్లున్నారు, లేబర్ అడ్డా మీద నిలబడ్డవాళ్లున్నారు, తాగి అరుగు మీద పడి నిద్రపోయినవాళ్లూ ఉన్నారు. అందరూ ఇంటికెళ్లి భార్యను కొట్టలేదు. ఉద్యోగం పోవడం ఆయన చేతిలో లేదు. చెయ్యెత్తడం ఆయన చేతిలోనే ఉంది. మొదటిదానికి జాలిపడండి, నేను వద్దనను. ఆ జాలి రెండోదాన్ని కడిగేయదు.

సిగ్నల్ దగ్గర చేతులు వణికిన సంగతి. అది పిరికితనమని తీర్మానించుకున్నట్టున్నారు. మనం చూసేది, వినేది మెదడులో థాలమస్ అనే మజిలీ దాటి లోపలికి వెళ్తుంది. వాసనకు ఆ మజిలీ లేదు. భయాన్ని, జ్ఞాపకాన్ని చూసుకునే భాగాలకు దాదాపు సూటిగా చేరిపోతుంది. అందుకే ఫ్లైఓవర్ కొత్తదైనా, అపార్ట్‌మెంట్లు లేచినా, బోర్డులన్నీ మారినా మీకేం కాలేదు. గాలి ఒక్కటి పాతది తగిలేసరికి మీరు పదేళ్ల పిల్ల అయిపోయారు. యూటర్న్ తీసుకోవడంలో తప్పేమీ లేదు. డ్రైవింగ్ సీట్లో చేతులు వణుకుతుంటే ఎవరైనా చేయాల్సింది అదే. అయితే ఈ వణుకు, నిద్రపట్టకపోవడం నెలలపాటు సాగుతున్నాయని రాశారు కాబట్టి ఒక్కసారి ఎవరైనా సైకాలజిస్టుతో మాట్లాడండి. ముందు ఫోన్‌లో మాట్లాడదామంటే 14416కు చేయండి, టెలి-మానస్ అని ప్రభుత్వం 2022లో పెట్టిన ఉచిత లైను, తెలుగులో మాట్లాడొచ్చు. ఉత్తరాలకు జవాబులు రాసే ముసలి టీచర్ చేయగలిగినదానికి ఒక హద్దు ఉంది.

ఇక ఆ టెస్టు. పదికి ఆరు అంటే మీకు జబ్బు ఖాయమని ఎవరో వ్యాఖ్య కూడా రాశారట. దాని వెనక ఉన్నది 1998లో అమెరికాలో అచ్చయిన ఒక పరిశోధన. విన్సెంట్ ఫెలిట్టి, రాబర్ట్ ఆండా అనే డాక్టర్లు శాన్ డియాగోలో వేలమంది పెద్దవాళ్లను చిన్నప్పటి సంగతులు అడిగారు. కష్టాల సంఖ్య పెరిగేకొద్దీ పెద్దయ్యాక గుండెజబ్బు, డిప్రెషన్, తాగుడు లాంటివి ఎక్కువగా కనబడ్డాయి. ముఖ్యమైన పనే. కానీ అది జనం మొత్తానికి వేసిన లెక్క. ఒక్కో మనిషికి ఈ మార్కులు పెట్టి జాతకం చెప్పొద్దని ఆ ఆండాయే 2020లో రాశాడు. మీ మార్కులు మీ బీపీ రీడింగ్ లాంటివి కావు.

నాకు ఆ టెస్టుతో ఇంకో పేచీ ఉంది. అందులో నాన్న కొట్టాడా అని ఉంది, తాగాడా అని ఉంది, అమ్మను కొడుతుంటే చూశావా అని ఉంది. నీకోసం ఎవరైనా షట్టర్ ఎత్తారా అని లేదు. ఉద్దెర మాత్రం రాసుకుని జమ రాయని పుస్తకాన్ని మీ పెద్దమ్మ అయితే ఒప్పుకునేదా? ఆ జమ లెక్క చూసినవాళ్లు కూడా ఉన్నారు. హవాయి దీవుల్లో కవాయి అనే చోట 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమీ వెర్నర్ అనే ఆమె తన బృందంతో దశాబ్దాలపాటు గమనించింది. పేదరికం, ఇంట్లో తాగుడు, గొడవలు, ఇలాంటివన్నీ మీదపడ్డ పిల్లల్లో కూడా దాదాపు మూడోవంతు మంది చక్కగా పెరిగి పెద్దయ్యారు. అలా నిలబడినవాళ్ల జీవితాల్లో మళ్లీమళ్లీ కనబడినది, తల్లిదండ్రులు కాకపోయినా సరే, నిలకడగా పట్టించుకున్న ఒక పెద్దమనిషి. అమ్మమ్మ కావచ్చు, టీచర్ కావచ్చు, పక్కింటామె కావచ్చు. ఈ సంగతి నేను పుస్తకంలో చదివాను. మీరు బియ్యం బస్తాల మధ్య పడుకుని తెలుసుకున్నారు.

టీచర్ అన్నాను కదా. ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పకుండా ముందుకు వెళ్లలేను.

ముప్పై ఒక్కేళ్లు ప్రభుత్వ బళ్లలో తెలుగు చెప్పాను, ఎక్కువకాలం ఇలాంటి శివార్లలోనే. 1990ల చివర్లో ఏడో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. రోజూ మొదటి పీరియడ్ సగమయ్యాక వచ్చేది, రాగానే గోడకు ఆనుకుని నిద్రపోయేది. ఒకరోజు బెంచీ ఎక్కించి, "రాత్రంతా టీవీ చూశావా?" అన్నాను. క్లాసంతా నవ్వింది. నేను కూడా నవ్వానేమో. ఆమె ఏమీ మాట్లాడలేదు. 2000లో జనాభా లెక్కల కోసం ఇళ్ల నమోదు డ్యూటీ పడి, అనుకోకుండా వాళ్ల గల్లీకే వెళ్లాను. తాగునీళ్లు ఎక్కణ్నుంచి అని ఒక గడి ఉంటుంది, అడిగాను. ట్యాంకరు రాత్రి రెండింటికి వస్తుందని వాళ్లమ్మ చెప్పింది, పెద్దపిల్లే పడుతుందని. ఇంకాస్త కిందికి టీవీ ఉందా అని ఒక గడి. లేదు అని నా చేత్తోనే నింపాను. అమ్మాయి అప్పటికే బడి మానేసిందట. ఆమె ఎక్కడుందో ఇప్పటికీ తెలియదు.

మీ క్లాస్ టీచర్ మిమ్మల్ని 'మొద్దునిద్ర' అని పిలిచేదని మూడో పేజీలో రాశారు. అక్కడ ఆపి, ఉత్తరం పక్కన పెట్టి, చాయ్ పెట్టుకుని వచ్చి మళ్లీ చదివాను. ఆ రోజుల్లో మీ చుట్టూ ఉన్న పెద్దవాళ్లం చాలామందిమి అలాగే ఉన్నాం. తెలియక కొంత, తెలుసుకోవడం ఇష్టంలేక కొంత. మీ పాత టీచర్ తరఫున చెప్పే హక్కు నాకు లేదు గానీ, నా తరఫున చెప్పుకుంటాను. తప్పు చేశాం.

పాప దగ్గరికి వద్దాం. పదమూడేళ్ల పిల్లకు ఏం చెప్పాలి, ఎంత చెప్పాలి అని అడిగారు. ఆమెకు ఇప్పటికే సగం తెలుసని నా అనుమానం. అమ్మమ్మ ఫొటో ఉన్న ఇంట్లో తాతయ్య ఫొటో లేకపోవడం, ఫోనొస్తే మీరు బాల్కనీలోకి వెళ్లి మాట్లాడటం ఆ వయసు పిల్లల కళ్లు దాటిపోవు. చెప్పకపోతే మిగతా సగం తనే కల్పించుకుంటుంది, అది నిజంకంటే భయంకరంగా ఉండొచ్చు. 'మీ తాతయ్య తాగేవాడు, తాగి అమ్మమ్మను, నన్ను కొట్టేవాడు, అది తప్పు, అందుకే నేను అటు వెళ్లను.' ఇంత చాలు. దెబ్బల వివరాలు ఆమెకు అక్కర్లేదు. అడిగితే, పెద్దయ్యాక చెప్తానని చెప్పొచ్చు. ఆ మాట చెప్పి ఆగిపోకండి. ఒక తెల్లకాగితం తీసి గల్లీ మ్యాపు గీయండి. ఇక్కడ బోరింగు, ఇక్కడ ట్యాంకర్ ఆగే మలుపు, ఇది పలాస మామ ఇల్లు, ఇది కిరాణం. పదేళ్ల పిల్ల రెండు బిందెలు ఎలా మోసేది, ఒకటి నెత్తిన, ఒకటి నడుము మీద, చేసి చూపించండి. మీ ఇంట్లో బిందె ఉందో లేదో, నల్లగండ్ల ఫ్లాట్లలో బిందెలు కనబడటం లేదు. బకెట్ అయినా సరే.

ప్రాజెక్టులో సికింద్రాబాద్ కొట్టేసి షాపూర్ నగర్ రాయించండి. మార్కులు తగ్గవు.

మీ నాన్న సంగతి పాపదంత సులువు కాదు. చుట్టాల ఫోన్లలో రెండు వేరువేరు విషయాలు ఒకే మూటలో కట్టి మీ నెత్తిన పెడుతున్నారు. ముసలివాణ్ని చూసుకోవడం ఒకటి. ఆయన్ని క్షమించి, ఇంటికి తెచ్చుకుని, మంచం పక్కన కూర్చుని సేవ చేయడం ఇంకొకటి. మొదటిది మీ బాధ్యతే. తల్లిదండ్రుల పోషణకు 2007లో వచ్చిన చట్టం కొడుకుతో పాటు కూతురినీ బాధ్యురాల్ని చేసింది. కానీ ఆ చట్టం పోషణ అంటే ఏమిటో కూడా చెప్పింది: తిండి, బట్ట, నివాసం, వైద్యం. ప్రేమ అని ఎక్కడా రాయలేదు. మీ చుట్టాలు చట్టంకంటే ఎక్కువ అడుగుతున్నారు. ఆరు నెలలు మీ ఇంట్లో పెట్టుకోవడం నాకు సమ్మతం కాదు. వాసనకే వణికిన చేతులు ఆ మనిషికి అన్నం తినిపించలేవు, తినిపించాల్సిన పనీ లేదు. మీ ఇంట్లో ఒక పదమూడేళ్ల పిల్ల ఉందన్నది కూడా గుర్తు పెట్టుకోవాలి. అయితే మీ మరదలి మాట కొట్టిపారేయకండి. ఇన్నేళ్లుగా ఆయన్ని చూసుకుంటున్నది ఆమె. ఆమెను ఆయన ఏమంటాడో మీకు తెలియదు. ఆమె అడిగేది ఆరు నెలల ఊపిరి. అది ఇంకో దారిలో ఇవ్వొచ్చు.

ఆ దారి ఇంటి కాగితాల్లోనే ఉంది. అమ్మ వీలునామా రాయకుండా పోయి ఉంటే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆ అరవై గజాలు ముగ్గురికి సమానం: మీ నాన్న, మీ తమ్ముడు, మీరు. అంటే ఆయన వైద్యానికి డబ్బెవరు పెట్టాలన్న గొడవే అక్కర్లేదు. ఇల్లు అమ్మితే వచ్చిన డబ్బులో ఆయన మూడోవంతు ఆయన పేరు మీదే డిపాజిట్ చేయించి, నెలనెలా వచ్చే వడ్డీతో పగటిపూట ఒక ఆయాను పెట్టించండి. చాలకపోతే మీరు కొంత కలపండి. మీ వంతు ఏం చేస్తారన్నది మీ ఇష్టం. ఉంచుకున్నా ఎవరూ తప్పుపట్టలేరు, బిందెలు మోసింది మీరే. తమ్ముడు పంపే కాగితం మీద 'హక్కు విడుదల' అని ఉంటే మాత్రం, చదవకుండా సంతకం పెట్టకండి. అది వాటా వదులుకునే పత్రం. అమ్మ కొన్నది రిజిస్ట్రేషన్ మీదా, నోటరీ మీదా అన్నది కూడా ముందే ఒక వకీలుకు చూపించండి, ఆ వైపు బస్తీల్లో నోటరీ కాగితాల మీద చేతులు మారిన ఇళ్లు బోలెడు.

ఆ భుజాల మీది జ్ఞాపకం ఒకటి మిగిలింది. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదన్నారు. ఎక్కడా సర్దక్కర్లేదు. ఆ రోజు పోతరాజు మీకు కనబడ్డాడు, పసుపు ఒళ్లు, చేతిలో కొరడా, డప్పులు. మీరు నవ్వారు. అది మీది. ఆయన ఆ రోజు మంచివాడు కావడం మిగతా రోజులకు రసీదు కాదు, మిగతా రోజులు ఆ రోజును వెనక్కి లాక్కోలేవు. చుట్టాలకు మాత్రం ఆ సంగతి చెప్పకండి, "చూశావా, ఎంత ప్రేమో" అని దాంతోనే మిమ్మల్ని కట్టేస్తారు. పాపకు చెప్పండి, ప్రాజెక్టులో బొమ్మ వేసుకుంటుంది.

ఇక వెళ్లడం. తమ్ముడికి ఫోన్ చేసి ముందు జోగిపేట పెద్దమ్మ ఉందా అని అడగండి, సంతకం మాట తర్వాత. లెక్క ప్రకారం ఎనభై దాటి ఉంటుంది. లేకపోతే వాళ్ల పిల్లలు ఎవరున్నారో, ఎక్కడున్నారో కనుక్కోండి. అదీ తెలియకపోతే ఆ మెట్టు ఉందేమో చూసి రండి, అయిదు నిమిషాలు. ఆమె ఉంటే నేరుగా ఆమె ఇంటికే వెళ్లండి. మీ ఇంటి వైపు ఆ రోజు చూడనవసరం లేదు, నాన్నను పలకరించనవసరం అంతకన్నా లేదు. ఎవరైనా దెప్పితే "పెద్దమ్మ కోసం వచ్చిన" అని ఒక్క మాట చెప్పండి. ఒంటరిగా మాత్రం వెళ్లొద్దు. మీవారిని నడపమనండి, మీరు పక్క సీట్లో కూర్చోండి. పాప వస్తానంటే రానివ్వండి.

ఆ 340 రూపాయలు పట్టుకెళ్లకండి. ఆమె పుస్తకం మూసేసింది, మీరు తెరవడం మర్యాద కాదు. బన్నులు తీసుకెళ్లండి, ఆ వయసులో మెత్తగా నమలడానికి వీలుగా ఉంటాయి.

కారు సంగతి అడిగారు. ఆ గల్లీలో రెండు స్కూటర్లు ఎదురైతే ఒకటి వెనక్కి వెళ్లాలని మీరే రాశారు. కాబట్టి మెయిన్ రోడ్డు మీద ఆపి నడుచుకుంటూ వెళ్లండి. పొద్దున్నే మాత్రం బయల్దేరకండి, చల్లగాలికి ఆ వాసన కిందికి దిగి ఉంటుంది. పదకొండు దాటాక, ఎండెక్కాక వెళ్లండి.